కాలిన మచ్చకు కాంతి చికిత్స

స్టవ్ మంట చీరకొంగుకు అంటుకొని చేయి కాలిన ఇల్లాలు నెలన్నరకు ఆసుపత్రి నుండి ఇల్లు చేరుతుంది. గాయం మానింది, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రెండు మూడు మాసాలు తిరిగేసరికి మానినచోట చర్మం ఎర్రబారి, గట్టిపడి, తాడు పేనినట్లు పైకి ఉబుకుతుంది. రాత్రింబవళ్ళు దురద. మోచేయి చాపబోతే చర్మం వెనక్కు లాగుతుంది. "ప్రాణం దక్కింది, మచ్చదేముంది?" అంటారు చూడవచ్చినవారు. అనడం సులభమే; ఆ చేతితో నీళ్ళబిందె ఎత్తవలసినది ఆమె.

గాయాన్ని పూడ్చడానికి దేహం కొల్లాజెన్ అనే నారపదార్థాన్ని తయారుచేస్తుంది. కాలిన గాయం లోతైనదై, మూడు వారాలకు కూడా మానకపోతే ఆ పని అదుపు తప్పే ప్రమాదం ఎక్కువ. నారలు అడ్డదిడ్డంగా పేరుకొని, దగ్గరకు ముడుచుకుంటాయి. ఇలా లేచిన మచ్చ గాయపు హద్దును దాటదు. హద్దు దాటి మంచి చర్మంలోకి పాకితే అది కెలాయిడ్. దానిని లేజర్‌తో కదిపితే మళ్ళీ పెరగవచ్చు. కనుక ముందుగా అది ఏ మచ్చయో వైద్యుడు తేల్చాలి.

ఈ చికిత్సలో ముఖ్యమైన సాధనం కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీనిని 1964లో కనుగొన్నవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన కుమార్ పటేల్. దాని కిరణం కంటికి కనబడదు. తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. ఆ కిరణాన్ని నీరు గాఢంగా పీల్చుకుంటుంది. చర్మంలో అధికభాగం నీరే గనుక కిరణం తాకినచోట కణజాలం క్షణంలో ఆవిరవుతుంది.

లోగడ ఈ లేజర్‌తో చర్మాన్ని పైపొర అంతా చెక్కేవారు. అది కొత్త గాయంతో సమానం. 2004లో బోస్టన్ నగరపు పరిశోధకులు మాన్‌స్టీన్, ఆండర్సన్ ప్రభృతులు వేరొక మార్గం చూపారు. బీడువారిన నేలనంతా తవ్వక, గునపంతో అక్కడక్కడ గుంటలు వేసినట్లు, కిరణాన్ని సూదిమొన కంటె సన్నని చుక్కలుగా విడగొట్టడమే ఆ మార్గం. చుక్కకూ చుక్కకూ నడుమ చర్మం చెక్కుచెదరదు. అక్కడి నుండే మానుదల మొదలవుతుంది. కొత్తగా ఏర్పడే నారలు కొంత క్రమంగా అల్లుకొని మచ్చ మెత్తబడుతుంది. ఆ రంధ్రాలు మూసుకోకముందే ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ మందును పైన వేస్తే, సూదిమందుకు లొంగని గట్టి మచ్చలోకి కూడా అది దిగుతుంది. మచ్చ ఇంకా ఎర్రగా ఉంటే, రక్తనాళాలను మూసివేసే 595 నానోమీటర్ల డై లేజర్‌ను వాడడం కద్దు.

మన చామనచాయ చర్మానికి ఒక హెచ్చరిక. శక్తి ఎక్కువైతే నల్లని లేదా తెల్లని మరకలు పడతాయి. అనుభవజ్ఞుడైన వైద్యుడు తక్కువ మోతాదుతో, ఒకటి రెండు నెలల ఎడంతో, పలు విడతలుగా చేస్తాడు. ఆ కాలమంతా మచ్చకు ఎండ తగలనీయరాదు.

"మచ్చ మాయం" అనే ప్రకటనలను నమ్మవద్దు. మచ్చ పోదు, దురద తగ్గుతుంది, బిగువు సడలుతుంది, ఎత్తు కొంత అణగుతుంది. గడ్డం రొమ్ముకు అతుక్కుపోయేంతగా చర్మం ముడుచుకుంటే శస్త్రచికిత్స తప్పదు. బిగుతు తొడుగులు, సిలికోన్ పట్టీలు, వ్యాయామం లేజర్ వచ్చినా మానదగినవి కావు. ప్రైవేటు వైద్యశాలల్లో ఒక్కొక్క విడతకు వేల రూపాయలు అవుతుంది. దీనిని సౌందర్య చికిత్సగా జమకట్టి బీమా నిరాకరించడమూ ఉన్నది. వేలు ముడవలేని దర్జీకి ఇది సౌందర్యమెలా అవుతుందో నాకు బోధపడదు.

మచ్చ ముదిరేదాకా ఏడాదిపాటు ఆగమనడం పాతమాట. గాయం పూర్తిగా మూసుకున్న కొద్ది మాసాలకే వైద్యుని సలహా పొందవచ్చును. ఆలస్యమైనవారు కూడా నిరాశ చెందనక్కరలేదు. దశాబ్దాల నాటి మచ్చలు సైతం మెత్తబడిన సందర్భాలు వైద్యపత్రికల్లో నమోదై ఉన్నాయి.