పాట కట్టినవారి పేరు

గడచిన స్వాతంత్ర్య దినోత్సవమునాడు మన పాఠశాల ప్రాంగణమున తొమ్మిదవ తరగతి బాలబాలికలు ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అను గేయమును పాడిరి. చక్కగానే పాడిరి. పిదప ఆ పాట కట్టినవా రెవ్వరని మేము అడుగగా ఒక్కరును చెప్పలేకపోయిరి. పిల్లలను తప్పుపట్టుట కిది వ్రాయుటలేదు. ఉపాధ్యాయులలోనే కొందరు తడుముకొనిరి.

ఆ పాట గరిమెళ్ల సత్యనారాయణగారిది. వారు 1893లో శ్రీకాకుళ ప్రాంతమున జన్మించిరి. కొంతకాలము విజయనగరమున ఉపాధ్యాయులుగా నుండిరి గనుక మా వృత్తివారే యని చెప్పుకొనుట మాకు గర్వముగా నున్నది. సహాయనిరాకరణోద్యమ దినములలో ఈ పాట ఊరూర ప్రాకెను. అందులకు ప్రభుత్వమువారు వారిని చెరసాలలో నుంచిరి. స్వరాజ్యము వచ్చిన పిదప ఐదేండ్లు బ్రదికి, 1952 డిసెంబరులో పేదరికముతోనే కన్నుమూసిరి. పాట సభల కెక్కినది. కట్టినవారికి మాత్రము పూటగడచుట కష్టమైనది.

రాజమహేంద్రవరపు కుసుమ ధర్మన్నగారి సంగతి యింతకన్న విచారకరము. వారి పాటయే మనవారికి తెలియదు! వారు వైద్యులు, ‘జయభేరి’ పత్రికను నడపిరి. 1921లో ‘మాకొద్దీ నల్లదొరతనము’ అను గేయమును ప్రకటించిరి. తెల్లవారు పోయినను, సాటి మనుష్యుని అంటరానివాడని దూరముంచు దొరతనము నిలిచియున్నచో ఆ స్వాతంత్ర్య మెవ్వరిదని ఆ పాట యడుగుచున్నది. మా దృష్టిలో రెండింటిలో కఠినమైన పాట యిదియే. పరాయివానిని పొమ్మనుట కొక ధైర్యము చాలును. ఇరుగుపొరుగువారి యెదుట నిలిచి పాడుటకు వేరొక ధైర్యము కావలెను.

పాత గాయములు పిల్లల యెదుట కెలకనేల యని ఒక తండ్రిగారు మాతో ననిరి. వారియెడల మాకు గౌరవమే. కాని మన కోనసీమలో కాలువ కావలి పేటలనుండి వచ్చు బిడ్డలకు అది పుస్తకములోని గాయము కాదు, తాతముత్తాతల కథ. వారి కథ చెప్పిన కవి పేరు వారికే తెలియకుండుట న్యాయమా?

వరినాట్లలో మన స్త్రీలు పాడు పాటలు కట్టినవారి పేర్లు ఎవ్వరును వ్రాసియుంచలేదు. నేదునూరి గంగాధరంగారి వంటివారు శ్రమపడి జానపద గేయములను సేకరించి ప్రకటించిరి గనుక కొన్ని పాటలైనను దక్కినవి. ఆ పేర్లు పోవుట కాలముయొక్క పని యనుకొందము. గరిమెళ్లవారి పేరు, ధర్మన్నగారి పేరు అట్లు కాదు. అవి అచ్చులో నున్నవి. మరచినది మనమే. మన మామిడికుదురున పుట్టిన బోయి భీమన్నగారిని పిల్లలు కొంత యెరుగుదురు. పద్మభూషణ బిరుదము వచ్చినవారిని లోకము తొందరగా మరువదు గదా.

రాబోవు ఆగష్టు 15వ తేదీన రెండు పాటలును పాడింపవలెననియు, పాటకు ముందు కవి పేరు, ఊరు చదివింపవలెననియు మేము ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాము. సంక్రాంతి సెలవులలో ప్రతి విద్యార్థియు తన అమ్మమ్మ పాడు పాట నొకటి వ్రాసి తేవలెను. పాట క్రింద ఆమె పేరు తప్పక వ్రాయవలెను.