మట్టికుండలోని మానవుడు

ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లును, రాజుల స్వర్ణపేటికలును స్ఫురించును. కాని ఆ దేశమున పలువురు తమ మృతులను, ముఖ్యముగా పసిబిడ్డలను, మట్టికుండలలో నుంచి భూస్థాపితము చేసిరి. ఇంటిలో వాడుకొన్న భాండమే తుదకు శవపేటిక యయ్యెను. బదారి ప్రాంతమున లభించిన అట్టి కుండ యొకటి, అందలి అస్థికలతో కూడ, లండనులోని పీట్రీ మ్యూజియమునందు భద్రపరుపబడి యున్నది.

ఇవి కేవలము దారిద్ర్యచిహ్నములని పండితులు చిరకాలము తలంచిరి. 2016లో వెలువడిన పరిశోధన ఆ తీర్పును ప్రశ్నించినది. క్రీ. పూ. 3300 మొదలు 1650 వరకు గల 46 స్థలముల వృత్తాంతములను పరిశీలింపగా, ఏదో యొక పాత్రలో నుంచి పూడ్చిన 746 మంది శిశుబాలకులలో 338 మందికి కొయ్యపేటికలు, 329 మందికి కుండలు వాడబడినవి. ఒక శిశువు కుండలో బంగారు రేకు తాపిన పూసలు సైతము కానవచ్చినవి. బంగారము నొసగినవారు పేటిక కొనలేకపోయిరనుట యుక్తమా? కుండ గర్భమునకు ప్రతీక యనియు, మృతులు మరల జన్మింతురను ఆశ యందు కలదనియు ఆ పరిశోధకుల యూహ. దేహమును ఘటముతో పోల్చు మనకు ఈ భావము దురవగాహము కాదు.

ఇవి దేశాంతరముల కెట్లు చేరినవి? 1882లో ఆంగ్లసేనలు ఈజిప్టు నాక్రమించినవి. త్రవ్వినవారికి దొరికిన వస్తువులలో భాగమిచ్చు పద్ధతి యుండెను. భాగమును నిర్ణయించు పురావస్తుశాఖకు 1952 వరకు ఫ్రెంచివారే అధిపతులు. పంచినవారు పరులు, పుచ్చుకొన్నవారు పరులు. ఇంటివాడు చూచుచు నిలిచెను. పెంకులను సైతము శ్రద్ధతో వర్గీకరించి కాలనిర్ణయమునకు దారి చూపిన పీట్రీ వంటివారి శ్రమను మేము తృణీకరింపము. కాని శ్రమ వేరు, స్వత్వము వేరు. పురావస్తువులు ప్రజల సొత్తని 1983 నాటి 117వ చట్టము శాసించినను, అంతకుముందు తరలిపోయినవి పెక్కులు పరదేశములందే యున్నవి. అమరావతి శిల్పములను లండనులో చూడవలసివచ్చిన తెలుగువారికి ఈ వేదన తెలియనిది కాదు.

2021లో కైరో నగరమున 22 రాజశవములను శతఘ్నివందనముతో నూతన మ్యూజియమునకు ఊరేగించిరి. రాజులకు వందనము, సామాన్యుని బిడ్డకు జాబితాలో నొక సంఖ్యయా? కుండను, అస్థికలను విడదీయరాదు. ఫలకముపై మట్టిపాత్ర యని కాక, ఒక మానవుని సమాధి యని వ్రాయవలెను. ప్రదర్శింపవలెనా, స్వదేశమునకు పంపవలెనా అను విషయమున ఈజిప్టు ప్రజల మాటయే ముందుగా వినవలెను. తల్లి యొకతె కన్నీటితో మూసిన కుండ అది. దానిని తెరచినవారికి ఈపాటి మర్యాద భారము కారాదు.