కట్టు – కట్టుబాటు

తాళ్ళతో కట్టించుకొని ఆనందించే వయోజనులు లోకంలో ఉన్నారని చెప్పగానే మనవారిలో అధికులు పడమటి రోగమంటారు, మరికొందరు పిచ్చి అంటారు. ఈ రెంటికీ సమాధానం చెప్పడం కష్టం కాదు. నాకు అసలు పేచీ వేరొక మాటతో. "వాటిని గురించి మాట్లాడకుండా ఉంటే వాటంతటవే అణగిపోతాయి" అనే పెద్దమనుషుల మాట అది. అణగిపోవు. తలుపు మూసుకొని, తెలియక జరుగుతాయి, అంతే. తిరువూరులో పిల్లలకు ఛందస్సు చెప్పుకొని విశ్రమించిన పంతులికి ఈ గొడవ దేనికని వ్యాఖ్యలలో అడగబోయే మిత్రులకు ముందుగానే మనవి: నేను చెప్పబోయేదానిలో సగం మా సంస్కృత గ్రంథాలలోనిదే.

ముందు ఆ పడమటి సంగతి. కామసూత్రం రెండవ అధికరణం ఏడవ అధ్యాయం ప్రణయంలోని దెబ్బలను గురించినది. అందులో కీల, కర్తరి, విద్ధ, సందంశిక అనే నాలుగు కఠిన ప్రయోగాలను పేర్కొని, ఇవి దాక్షిణాత్యుల అలవాట్లనీ, ఆర్యులకు తగినవి కావనీ, ఇతర దేశాలవారు అనుకరింపరాదనీ వాత్స్యాయనుడు విసుక్కున్నాడు. నేడు మనం పడమటివారిని అంటున్న మాటనే ఆయన దక్షిణాదివారిని అన్నాడన్నమాట! తాడు ప్రసక్తి ఆ అధ్యాయంలో లేదు. తాడు కట్టును కళగా పెంచినది జపాను. ఖైదీలను బంధించే హోజోజుత్సు అనే పాత విద్య దానికి ఒక మూలం, ఇతో సెయ్యు (1882–1961) అనే చిత్రకారుడు దానికి ఆద్యులలో ఒకడు. షిబారి, కిన్‌బాకు అని పేర్లు. కాని కట్టించుకోవాలనే కోరిక జపానునుంచి రానక్కరలేదు. జయదేవుని పందొమ్మిదవ అష్టపదిలో కృష్ణుడు తనను బాహువులతో బంధించి శిక్షించుమని రాధను స్వయంగా అడుగుతాడు. దానికి అభినయం పట్టిన వేదికల ముందు మనమందరం చేతులు జోడించి కూర్చున్నవారమే.

పిచ్చి అనేవారికి ఒక్క వాక్యం చాలు. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో, పరస్పర సమ్మతితో జరిగే ఇటువంటి వ్యవహారం రోగం కాదు.

ఇక కట్టుబాట్ల సంగతి. 2025 జూన్‌లో కుప్పం మండలంలో భర్త చేసిన అప్పు తీరలేదని ఒక స్త్రీని చెట్టుకు కట్టివేశారు. కట్టినవారెవరూ ఆమె సమ్మతి అడగలేదు. 18 ఏళ్ళు నిండిన భార్యతో భర్త బలవంతంగా కలిసినా దానిని అత్యాచారంగా ఎంచనక్కరలేదని భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను మినహాయింపు నేటికీ చెబుతూనే ఉన్నది. సమ్మతి లేని కట్టును, సమ్మతి లేని పడకను సహించే సమాజం, ప్రతి ముడికీ ముందు "వేయనా?" అని అడిగి వేసేవారిని చూసి చెవులు మూసుకొంటున్నది. దీనికి సదాచారమని పేరు పెట్టడానికి నా నోరు రాదు.

మళ్ళీ వాత్స్యాయనుని దగ్గరకే వస్తాను. ఆయన విసుక్కొని ఊరుకోలేదు, మరణాలు లెక్క చెప్పాడు. చోళరాజు కీలాప్రయోగంతో చిత్రసేన అనే గణికను చంపాడు. కుంతల శాతకర్ణి శాతవాహనుడు కర్తరితో మహాదేవి మలయవతిని చంపాడు. ఆమె రోగంనుంచి అప్పుడే లేచినదనీ, బలం కూడుకోలేదనీ వ్యాఖ్యాత యశోధరుడు వివరించాడు. చెయ్యి సరిగాలేని నరదేవుడు విద్ధను గురితప్పి ప్రయోగించి ఒక నటి కన్ను పోగొట్టాడు. వేగంలో ఉన్న గుర్రం గోతులను చూడదు గనుక, తన బలాన్నీ ఎదుటివారి ఓర్పునూ ఎరిగి మెలగుమన్నాడు. మాట్లాడకపోతే అణగిపోతుందని ఆయన అనుకొని ఉంటే మలయవతి పేరు మనదాకా వచ్చేది కాదు. మన శాతవాహనుల ఇంటి చావు అది. ఇంటి పిల్లలకు చెప్పని చావు.

నేడు మలయవతికి ఏమి చెప్పాలి? కట్టేవానికి చెప్పవలసినది చాలా ఉన్నది, కాని నా మాటలు కట్టించుకొనేవారికి. దండచేతి వెలుపలి వైపున ఎముకను చుట్టి ఒక నాడి దిగుతుంది, రేడియల్ నాడి అంటారు. దానిని తాడు ఒత్తితే మణికట్టు వాలిపోతుంది, పైకి లేవదు. మోకాలికి కొంచెం కింద వెలుపలి పక్కన మరొక నాడి ఉన్నది. అది దెబ్బతింటే పాదం వాలుతుంది. తిరిగి రావడానికి వారాలు, నెలలు పట్టవచ్చు, పూర్తిగా రాకపోవచ్చు. రక్తం ఆడకపోతే చెయ్యి రంగు మారుతుంది, చల్లబడుతుంది. విప్పగానే సాధారణంగా తేరుకుంటుంది. నాడి దెబ్బ ఒక్కొక్కసారి నొప్పి లేకుండానే తగులుతుంది. కనుక కొద్ది నిమిషాలకొకసారి వేళ్ళు విప్పి చూసుకోవాలి, మణికట్టు వెనక్కు ఎత్తి చూసుకోవాలి. తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం, పట్టు సడలడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే చెప్పాలి, వెంటనే విప్పించుకోవాలి.

ఇక్కడే మన పెంపకం అడ్డువస్తుంది. ఆడపిల్లకు ఓర్పు, మగపిల్లవాడికి పౌరుషం నూరిపోశాము. ఇద్దరూ పళ్ళు బిగించి ఊరుకొంటారు. ఓర్చుకొన్నందుకు ఇక్కడ బహుమానమేమీ లేదు, పడిపోయిన చెయ్యి తప్ప. "వద్దు" అన్నది ఆటలో భాగమయ్యే అవకాశం ఉంటే ఆపడానికి వేరొక మాటను ముందే నిర్ణయించుకోవాలి. నోరు పెగలని స్థితి అయితే చేతిలో తాళంచెవుల గుత్తి ఉంచుకోవాలి, అది జారవిడిస్తే కట్టు విప్పాలి. మధుమేహం, పాత దెబ్బలు, రక్తం పలుచన చేసే మందులు, ఇవి దాచరాదు. మద్యం పుచ్చుకొన్న రోజు తాడు ముట్టరాదు. మెడకు తాడు ఎన్నటికీ కూడదు. పశువు మెడలో జారుముడి వేయరాదని పలుపు పట్టిన ప్రతి రైతుకూ తెలుసు. మొద్దుమొన గల బ్యాండేజీ కత్తెర చేతికందేంత దూరంలో ఉండాలి. వేలాడే కట్లు కొత్తవారికి కావు, ఇంట్లో ఫ్యాను కొక్కేన్ని నమ్మడం కన్నా అవివేకం లేదు. కట్టి ఉన్నవారిని ఒంటరిగా వదలి గది దాటరాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టివేయబడిన 28 మంది రోగులు కదలలేక కాలిపోయారు. అది వేరే పాపం. కట్టులో ఉన్న మనిషి పరుగెత్తలేడన్నది మాత్రం రెండుచోట్లా ఒకటే.

సమ్మతి ఉంటే చాలుననే కుర్రవాళ్ళతోనూ నాకు పేచీ ఉన్నది. న్యాయ సంహిత 25వ సెక్షను 18 ఏళ్ళు దాటినవారి సమ్మతిని కొంతవరకు గుర్తిస్తుంది గాని, మరణానికీ తీవ్ర గాయానికీ అవకాశముందని తెలిసి చేసినదానికి రక్షణ ఇవ్వదు.

మరి నేర్చుకోవడం ఎక్కడ? మా తిరువూరువంటి చోట తోడు దొరకదు. మామిడితోటల మధ్య రహస్యం కూడా నిలవదు. నగరాలలో ఇటువంటివారు మొదట పగటిపూట కాఫీ హోటలులో కలుస్తారు, దానిని మంచ్ అంటారు. తాళ్ళుండవు, మాటలే. మన దేశంలో కింకీ కలెక్టివ్ అనే బృందం సమ్మతిని గురించి శిక్షణ తరగతులు నడిపినది. అటువంటి చోటికి వెళ్ళి, మిమ్మల్ని కడతానన్నవాడు ఇంతకుముందు కట్టినవారిని వెదకి మాట్లాడండి. "నన్ను నమ్మితే చాలు, వేరెవరినీ అడగవద్దు" అన్నవాడు గురువు కాడు, నరదేవుడు. ప్రశ్నకు కోపగించే గురువును బడిలోనే భరించరాదు, తాడు చేతిలో ఉండగా ఎలా భరిస్తాం? మొదటిసారి వెళ్ళేటప్పుడు ఎక్కడికి వెళుతున్నారో, ఎన్ని గంటలకు ఫోను చేస్తారో ఒక స్నేహితునికో స్నేహితురాలికో తెలియాలి.

ఫొటోల సంగతి తాడు విప్పకముందే తేల్చుకోవాలి. అనుమతి లేకుండా అంతరంగ చిత్రం తీసినా పంచినా సమాచార సాంకేతిక చట్టం 66-ఇ కింద మూడేళ్ళ జైలుశిక్ష పడవచ్చు, కాని ఊరంతా తిరిగిన బొమ్మను ఏ సెక్షనూ వెనక్కు తేలేదు. అనుమతించినా ముఖం, పుట్టుమచ్చ, పచ్చబొట్టు పడనివ్వకండి. గోడమీద కాలెండరు కూడా తీసివేయండి. మన వైపు కాలెండర్లమీద కొట్టు పేరు, ఊరి పేరు, ఫోను నంబరుతో సహా ఉంటాయి గదా.