కారెక్కే ముందే తేల్చుకోవాలి

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దగ్గర చాలామందిమి ఆగుతాం కదా. మొన్నటిదాకా మేము అక్కడ బర్గర్లు, ఫ్రెంచ్ ఫ్రైస్, తలా ఒక కూల్‌డ్రింకు లాగించేవాళ్ళం. పండక్కి ఊరెళ్తూ పథ్యాలేమిటని నేనే అనేదాన్ని. మావారికి షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరుగారు చెప్పాక నా నోరు మూతపడింది.

ఆకలితో నకనకలాడుతూ మెనూ బోర్డు ముందు నిలబడకూడదని నాకు అప్పుడే అర్థమైంది. ఆ కడుపుకి నూనె వాసనే నచ్చుతుంది. అందుకే ఇప్పుడు నాలుగు జామకాయలు, గుప్పెడు వేయించిన పల్లీలు సంచిలో వేసుకునే బయల్దేరతాను. హోటల్లో పెసరట్టు, అదీ నూనె తగ్గించి వేయమని ముందే చెప్పి. పిల్లలు గొడవ చేస్తే ఫ్రైస్ అందరికీ కలిపి ఒక్క ప్యాకెట్టు. కూల్‌డ్రింకుకి మాత్రం ససేమిరా ఒప్పుకోను. 300 మి.లీ. సీసాలో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే ఏడు చెంచాలు! ఇంట్లో కాఫీలో ఒక్క చెంచా దగ్గర మావారితో పోట్లాడే నేను, దాన్ని చేతులారా ఎలా కొనిచ్చానో.

మొన్న ఆయన మజ్జిగ తాగుతూ మొహం ముడుచుకునే కూర్చున్నారు. బిల్లు వచ్చాక మాత్రం నవ్వారు.