భద్రతామండలి సంస్కరణము

ఆదోని మార్కెట్టు యార్డులో ప్రత్తిరాశుల నడుమ నిలిచి ఐక్యరాజ్య సమితిని గూర్చి ప్రసంగించువానిని చూచి నవ్వువారు కలరు. "ఉక్రెయినులో ఫిరంగి మ్రోగిన మనకేమి? గాజాలో బాంబు పడిన మన కాలువకు నీరు తగ్గునా?" అని అడుగువారిని మేమెరుగుదుము. ఈ ప్రశ్న సహజమైనదే. వానకై ఆకాశమును, ధరకై దలాలి మొగమును చూచుచు కాలము గడపు రైతునకు న్యూయార్కు నగరమున కూర్చుండు పదునైదుగురి మాటలు దూరపు కొండలవలె తోచుట వింత కాదు. అయినను ఆ పదునైదుగురి సభ బాగుపడుట మన ప్రాంతపు రైతునకును నేతగానికిని స్వంతపనియే యని మేము నిశ్చయముగ చెప్పగలము.

మన చరిత్రయే దీనికి సాక్ష్యము. 1861లో అమెరికా ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము చెలరేగి, ఇంగ్లాండు మిల్లులకు అచ్చటి దూది వచ్చుట నిలిచిపోగా, భారతదేశపు ప్రత్తికి మునుపెన్నడును లేని ధర పలికెను. ఆదోని నాడు బళ్ళారి జిల్లాలోనిది. ఆ జిల్లా నల్లరేగడిలో ప్రత్తి బంగారమాయెను. 1865లో యుద్ధమాగెను, ధర కూలెను, హెచ్చు ధరను నమ్ముకొని అప్పు చేసినవారికి అప్పు మాత్రమే మిగిలెను. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును నెలకొల్పిన మరుసటి యేటనే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపడినది. ఆ యుద్ధకాలమున నూలు కరవై దేశమందలి చేనేతవారు పడిన యిక్కట్లు ముసలివారి నోట నేటికిని వినబడును. 2022 ఫిబ్రవరి 24వ తేదీన రష్యా ఉక్రెయినుపై దండెత్తగా, పొద్దుతిరుగుడు నూనె ధర మన వంటయిండ్లలోను, ఎరువుల ధర అంతర్జాతీయ విపణిలోను ఎట్లెగసెనో ఎవరికిని చెప్పనక్కరలేదు. ఈ యుద్ధములలో దేనికిని మన సమ్మతి నెవ్వరును అడిగినవారు కారు. మూల్యము చెల్లించిన వారిలో మాత్రము మనమును ఉంటిమి.

ఇంతకును ఈ సమితి పుట్టుకతో మన జిల్లాకు సంబంధము లేకపోలేదు. 1945 జూన్ 26వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఐక్యరాజ్య సమితి అధికార పత్రముపై భారత ప్రతినిధివర్గ నాయకుడుగా సంతకము చేసిన సర్ ఆర్కాటు రామస్వామి మొదలియారు 1887లో కర్నూలున జన్మించినవారు. 1946లో సమితి యొక్క ఆర్థిక సాంఘిక మండలికి ప్రథమాధ్యక్షుడైనదియు ఆయనయే. ఆయన కవల సోదరుడు డాక్టరు లక్ష్మణస్వామి మొదలియారు 1961లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షత వహించెను. 1945 నాటి ప్రతినిధివర్గము ఆంగ్ల ప్రభుత్వము నియమించినదే గాని ప్రజలెన్నుకొనినది కాదు. శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ శాన్‌ఫ్రాన్సిస్కోకు స్వయముగ వెళ్ళి, వారు భారతదేశపు వాణి కాజాలరని లోకమునకు చాటిరి. ఆమె చాటినది న్యాయమే. ఆ సంతకము పరప్రభుత్వము పేర పడినను, స్వతంత్ర భారతము దానిని త్రోసిపుచ్చక తన ప్రతిజ్ఞగా గైకొన్నది. కాబట్టి ఆ పత్రమందలి లోపములను సవరింపుమని కోరుటకును మనకు హక్కు కలదు.

ఆ లోపమేమి? భద్రతామండలిలో ఐదు రాజ్యములకు, అనగా అమెరికా, రష్యా, చైనా, బ్రిటను, ఫ్రాన్సులకు, శాశ్వత స్థానములు కలవు. అధికార పత్రము 27వ అధికరణము ప్రకారము ముఖ్య విషయములలో ఈ ఐదింటిలో ఏ ఒక్కటి కాదన్నను తీర్మానము చచ్చును. దీనినే వీటో యందురు. 2022 ఫిబ్రవరి 25వ తేదీన ఉక్రెయినుపై దాడిని ఖండించు తీర్మానమునకు 11 రాజ్యములు అనుకూలముగ నోటు చేసినవి, మూడు తటస్థముగ నుండినవి, రష్యా ఒక్కటి కాదన్నది, తీర్మానము వీగిపోయెను. ఆ నెలలో మండలి యధ్యక్షపీఠమున కూర్చున్నదియు రష్యాయే. 2025 జూన్ 4వ తేదీన గాజాలో కాల్పులాపవలెనను తీర్మానమునకు 14 రాజ్యములు సమ్మతించినను అమెరికా యొక్కటి చేయి అడ్డు పెట్టెను; అదియు వీగిపోయెను. మేమొక రాజ్యమును మెచ్చి మరొకదానిని దూషించుటకై వీనిని పేర్కొనుట లేదు. దాడి చేసినవాడొకచోట, తన మిత్రుని కాచుకొనువాడొకచోట తీర్పరిపీఠమునుండియే తీర్పు నాపగలిగిరి. కంచెయే చేను మేసిన కాపాడువారెవ్వరు?

ఈ సంగతి తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు రైతునకు మా కంటె బాగుగ తెలియును. ఎగువ తూమువాడు తన పొలమునకు నీరు మళ్ళించుకొని, పంచాయితీలో పెద్దగా తానే కూర్చుండి, "నేనొప్పుకొననిదే తగవు తీరదు" అనిన దిగువవాడు సహించునా? నదీజలముల చరిత్రలో ఇట్టి యధికారమొకటి లేకపోలేదు. 1892లో మద్రాసు ప్రభుత్వమునకును మైసూరు సంస్థానమునకును జరిగిన యొడంబడికలో, తుంగభద్రాది నదులపై మైసూరు క్రొత్త కట్టడములు కట్టుటకు మద్రాసు సమ్మతి కావలెనను నిబంధన యుండెను. అదియు ఒక విధమైన వీటోయే. కాని మద్రాసు సమ్మతింపనిచో ఏమి గతి? ఆ తగవును మధ్యవర్తులకు గాని భారత ప్రభుత్వమునకు గాని నివేదింపవలెనని ఆ యొడంబడికలోనే వ్రాసియుండిరి. సామ్రాజ్య ప్రభుత్వము సయితము "నేను కాదంటిని, ఇక మాటలేదు" అనుటకు తెగింపలేదు. నేటి భద్రతామండలిలో వీటోపై అప్పీలు చేసుకొనుటకు ఏ మధ్యవర్తియు లేడు! పిమ్మట 1953లో తుంగభద్ర బోర్డేర్పడినది. కృష్ణా జలములపై బచావత్ న్యాయస్థానపు తీర్పు 1976లో ప్రకటితమైనది. ఆ తీర్పు నచ్చక గొణుగుకొను రాష్ట్రముండవచ్చును గాని, నచ్చలేదు గనుక చెల్లదని రద్దు చేయగల రాష్ట్రము లేదు. పొరుగువారి నడుమ నెలకొన్న యీ పాటి ధర్మము ప్రపంచ రాజ్యముల నడుమ ఏల నెలకొనరాదు?

తీర్పుండిన మాత్రమున నీరు వచ్చునా యని చివరి ఆయకట్టువారు మమ్ము ప్రశ్నింపవచ్చును. నిజమే. కాగితముపై కేటాయించిన నీరు కాలువలో కానరాదని వారు ఏళ్ళతరబడి మొరపెట్టుచునే యున్నారు. తీర్పునకు కాపలా కావలెను. కాపలావానికి జీతము కావలెను. సమితికి ఈ రెండును కొరతయే. అధికార పత్రము 43వ అధికరణము ప్రకారము సభ్యరాజ్యములు మండలికి సైన్యములనొసగుటకు చేసికొనవలసిన యొడంబడికలు నేటివరకును జరుగనేలేదు. అవసరము వచ్చినప్పుడెల్ల ఇంటింటికి తిరిగి సైనికులను యాచింపవలసి వచ్చుచున్నది. 2024లో ప్రపంచ రాజ్యములన్నియు సైన్యములపై వెచ్చించిన ధనము 2,71,800 కోట్ల డాలర్లు; 2024-25 సంవత్సరమున సమితి శాంతిరక్షక దళములకు కేటాయించినది 560 కోట్ల డాలర్లు. కొంపకు నిప్పుపెట్టుటకు అయిదువందల రూపాయలు, ఆర్పుటకు ఒక్క రూపాయి!

ఇంత లోపభూయిష్టమైన సంస్థను కూల్చివేయుటయే మేలని కొందరందురు. మేమంగీకరింపజాలము. దీనికి పూర్వము నానాజాతి సమితి యుండెను. 1931లో జపాను మంచూరియాను మ్రింగినప్పుడు, 1935లో ఇటలీ అబిసీనియాపై పడినప్పుడు, బలవంతులు దానిని చేతగానిదానిగ చేసి విడిచిరి. విడిచినందుకు శాంతి కలుగలేదు. రెండవ ప్రపంచ యుద్ధము కలిగినది. కాలువకు గండి పడిన గండి పూడ్తుము గాని కాలువనే పూడ్చుకొందుమా? ఈ సంస్థ చేసిన మేలును మరువరాదు. మన పల్లెలలో అమ్మవారని దండము పెట్టి గడగడలాడిన మశూచి భూమిపై లేకుండ పోయెనని 1980లో ప్రకటించినది దీని యనుబంధమైన ప్రపంచ ఆరోగ్య సంస్థయే. 2022 జూలైలో యుద్ధము నడుమనే, సమితియు తుర్కీయును మధ్యవర్తులై నల్లసముద్రపు రేవులనుండి ఉక్రెయిను ధాన్యమును ఓడలకెక్కించినవి. ఏడాదికి ఆ యేర్పాటు తెగిపోయినను, మధ్యవర్తి యుండిన ఏమి సాధ్యమో అది చూపినది. సమితి శాంతిరక్షణకై ఇంతవరకు భారతదేశము పంపిన సైనికులు 2,90,000 మందికి పైబడుదురు. వారిలో దాదాపు 180 మంది పరదేశములలో ప్రాణములర్పించిరి. రక్తమిచ్చి నిలిపిన యింటిని బాగుచేసికొనవలెను గాని పడగొట్టరాదు.

సంస్కరణము ఎట్లుండవలెను? తగవులో పక్షమైన రాజ్యము ఆ తగవుపై నోటు చేయరాదు. 27వ అధికరణమందే శాంతియుత పరిష్కారములకు సంబంధించిన నిర్ణయములలో ఈ నియమము కలదు. దానిని అన్ని నిర్ణయములకును విస్తరింపవలెను. జనసంహారము జరుగుచోట వీటో అసలే చెల్లరాదు. 2022 ఏప్రిల్ 26వ తేదీన సర్వప్రతినిధి సభ, ఎవరు వీటో ప్రయోగించినను పది పనిదినములలో సభ సమావేశమై దానిని చర్చింపవలెనని తీర్మానించినది. ఇది చిన్న యడుగే యైనను సరియైన దారిలోని యడుగు. ఇక ప్రాతినిధ్యము. 1945లో 51 రాజ్యములతో పుట్టిన సమితిలో నేడు 193 కలవు. ఆఫ్రికా ఖండమునకును, జనసంఖ్యలో లోకమున ప్రథమ స్థానమందున్న భారతదేశమునకును శాశ్వత స్థానము లేదు. అధికార పత్రమును పునర్విమర్శించు మహాసభను 109వ అధికరణము ఊహించియే యున్నది. దానిని జరుపవలెనని 1955లో సూత్రప్రాయముగ నిశ్చయించిరి. నాటినుండి నేటివరకు ముహూర్తము కుదురలేదు!

ఐదుగురి సమ్మతి లేనిదే పత్రము మారదు గదా, పిల్లి మెడలో గంట కట్టువారెవ్వరని నిరాశపడువారికి 1963 నాటి సంగతి జ్ఞాపకము చేయుదుము. మండలి సభ్యసంఖ్యను 11 నుండి 15కు పెంచు తీర్మానముపై ఆ యేట నోట్లు తీసినప్పుడు సోవియట్ రష్యాయు ఫ్రాన్సును వ్యతిరేకించినవి. అమెరికా, బ్రిటనులు తటస్థముగ నుండినవి. ఐదింటిలో అనుకూలించినది ఒక్కటే. అయినను ఆసియా ఆఫ్రికా దేశములు పట్టు విడువలేదు. రెండేండ్లలో ఐదును సంతకములు చేసినవి. 1965లో మార్పు అమలునకు వచ్చెను. బలవంతులు తమంత తాముగ వంగరు. పదిమంది కూడి నిలిచిన వంగుదురు. స్వాతంత్ర్య సమరమున మనము నేర్చిన పాఠమును ఇదియే.

తుదకు మన దేశముతోనే ఒక మాట చెప్పవలసియున్నది. 2005లో భారతదేశము బ్రెజిలు, జర్మనీ, జపానులతో గూడి శాశ్వత స్థానమును కోరినప్పుడు, క్రొత్తగా చేరువారు 15 ఏండ్ల పునర్విమర్శ వరకు వీటో నుపయోగింపరాదను నియమమునకు సమ్మతించెను. అది మంచిదే, కాని చాలదు. స్థానమును కోరుదము, వీటోను మాత్రము వలదందుము. ఐదుగురు జమీందార్లున్న యూరిలో ఆరవ జమీందారగుటకా మన దేశము స్వాతంత్ర్యము సంపాదించినది? మరియు, తీర్పరిపీఠము కోరువాడు తగవు వచ్చినప్పుడెల్ల తలవంచుకొని యుండరాదు. 2022లో ఉక్రెయిను విషయమునను, 2023 అక్టోబరు 27వ తేదీన గాజాలో పోరాటమాపుమను తీర్మానముపైనను మన ప్రతినిధులు తటస్థముగనే యుండిరి. ఆ సంవత్సరమే డిసెంబరు 12న కాల్పుల విరమణకు అనుకూలముగ నోటు చేసిరి. డిసెంబరులో న్యాయమైనది అక్టోబరులో న్యాయము కాకపోయెనా? మైత్రులును వ్యాపారములును ఉండవచ్చును. వానికి లోబడి న్యాయము చెప్ప వెనుదీయువానిని పెద్దమనిషిగ ఏ యూరివారును ఎన్నుకొనరు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రజలు ఇందేమి చేయగలరు? పురపాలక సంఘములును, మార్కెట్టు కమిటీలును, చేనేత సంఘములును, నీటి వినియోగదారుల సంఘములును, కళాశాలలును సమితి పుట్టినదినమైన అక్టోబరు 24వ తేదీన సమావేశములు జరిపి, వీటో నియంత్రణమునకై, 109వ అధికరణపు మహాసభకై తీర్మానములు చేసి పార్లమెంటు సభ్యునకు పంపవచ్చును. నోటడుగవచ్చిన అభ్యర్థిని కాలువ నీటిని గూర్చి అడుగునట్లే దీనిని గూర్చియు అడుగవచ్చును. ఒక్క యూరి తీర్మానమున లోకము మారదు, నిజమే. చివరి ఆయకట్టు రైతు ఒక్కడే అరచిన తూమును తెరువరు. గట్టుపొడవున అందరును నిలిచినప్పుడు తెరచిరి. ఆ యనుభవము గల మనవారు ఈ పనికి వెనుదీయరని మా విశ్వాసము.