ముందుగా అందవలసిన ఆనవాలు

సుందరకాండలో హనుమంతుడు సీతాదేవిని చూచిన తరువాత చేసే ఆలోచన నాకు మొదటినుంచీ ఇష్టం. వెతికిన మనిషి కనిపించింది కదా అని ఆయన చటుక్కున చెట్టు దిగి ఎదుట నిలబడడు. తన రూపం చూచి ఆమె భయపడుతుందేమో, రావణుడే మరో వేషంలో వచ్చాడనుకొని కేక పెడుతుందేమో, ఆ కేకకు రాక్షస స్త్రీలు లేస్తే వచ్చిన పని చెడుతుందేమో అని కొమ్మల చాటుననే కూర్చుని ఆలోచిస్తాడు. ముందు రామకథ వినిపిస్తాడు. తరువాత దిగుతాడు. ఆ తరువాతనే ఉంగరం ఇస్తాడు. ఉద్యోగం చేసినంతకాలం ఈ ఘట్టం పాఠం చెబుతూ, దూత లక్షణాలని పరీక్షకు పనికివచ్చే నాలుగు మాటలు పిల్లలచేత వ్రాయించాను. భయం పుట్టకముందే ఆనవాలు అందాలన్న అసలు సంగతి మాత్రం, ఒక కారు రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన దరఖాస్తు చూచిన తరువాతనే నాకు పట్టింది.

ఆ దరఖాస్తు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానిది. మా అమ్మాయి కుటుంబం డాలస్ నగరానికి దగ్గరలో ఉంటోంది. మనవడికి ఇరవయ్యేళ్ళు. ఆటిజం ఉంది. చదువు చక్కగా సాగుతోంది. కారు మా అల్లుడికంటే జాగ్రత్తగా నడుపుతాడు. అయితే కొత్త మనిషి గద్దించి అడిగితే వాడికి నోట మాట రాదు. ఎదుటివారి కళ్ళలోకి చూడడు. వేళ్ళు ఆడిస్తూ ఉంటాడు. ఒక్కొక్కప్పుడు అడిగిన ప్రశ్ననే తిరిగి పలుకుతాడు. ఇంట్లోవాళ్ళకు ఇవి వాడి అలవాట్లు. రాత్రివేళ రోడ్డు ప్రక్కన కారు ఆపించి, ముఖాన టార్చిలైటు వేసిన పోలీసుకు ఇవే వేరుగా కనిపిస్తాయి. మత్తులో ఉన్నాడనో, ఏదో దాస్తున్నాడనో, తనను లెక్కచేయడం లేదనో అనిపిస్తుంది. వాడి సంగతి ఇక్కడ వ్రాసేముందు వాడినే అడిగాను. "నా పేరు వద్దు తాతయ్యా, మిగతాది రాసుకో" అన్నాడు. అందుకని పేరు వ్రాయడం లేదు.

టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి ఒక చట్టం అమలులో ఉంది. శామ్యూల్ ఆలెన్ చట్టమని దానికి పేరు. ఆస్పర్జర్స్ ఉన్న తన కుమారుడిని దృష్టిలో పెట్టుకొని శాన్ ఆంటోనియోకు చెందిన జెన్నిఫర్ ఆలెన్ అనే తల్లి చేసిన ప్రయత్నం చివరకు ఆ కుమారుడి పేరుతోనే చట్టమయింది. మాట్లాడటానికో, ఎదుటివారి మాట గ్రహించడానికో ఆటంకం కలిగించే స్థితి ఉన్నవారు బండి రిజిస్ట్రేషన్ సమయంలో ఆ సంగతి తమ ఇష్టంతో తెలుపవచ్చునని దాని సారాంశం. ఆటిజం కావచ్చు, చెవుడు కావచ్చు, పార్కిన్సన్స్ వ్యాధి కావచ్చు, మెదడుకు తగిలిన దెబ్బ కావచ్చు. దానికొక దరఖాస్తు, వీటీఆర్-216 అని. దానితో వైద్యుల ధ్రువీకరణ. ఈ సమాచారం పోలీసుల కంప్యూటర్ వ్యవస్థలో చేరుతుంది. బండి ఆపించిన పోలీసు దాని నంబరు కొట్టి చూడగానే, తన కారు దిగి నాలుగడుగులు వేయకముందే, ఈ మనిషితో సంభాషణకు ఆటంకం ఉన్నదన్న మాట తెరమీద కనిపిస్తుంది. తెలుపకపోతే తప్పు లేదు. తెలిపితే బండిమీద ఏ గుర్తూ వేయరు. పార్కింగు కోసం అద్దానికి తగిలించే చక్రాల కుర్చీ బొమ్మకూ దీనికీ సంబంధం లేదు.

ఇటువంటి ఉపాయాలు ఇంతకుముందూ కొన్ని ఉన్నాయి. 2002లో కనెక్టికట్ రాష్ట్రంలో పసుపు చుక్క పద్ధతి మొదలయింది. కారు అద్దానికి అంటించిన పసుపు చుక్కను చూచి అంబులెన్సు సిబ్బంది ముందు సీటు ఎదుటి అరలోని కాగితం తీస్తారు. స్పృహ లేని మనిషికి ఏ జబ్బులున్నాయో, ఏ మందులు వాడుతున్నాడో అందులో ఉంటుంది. 2005లో ఇంగ్లండులో బాబ్ బ్రాచీ అనే అంబులెన్సు ఉద్యోగి, సెల్‌ఫోనులో ఆప్తుల నంబరును 'ఐస్' అన్న పేరుతో దాచుకొమ్మని ప్రచారం చేశాడు. 2020 జనవరి నుంచి కనెక్టికట్‌లోనే ఆటిజం ఉన్న డ్రైవర్లకు నీలం కవరు ఇస్తున్నారు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు అందులో పెట్టుకుంటారు. ఈ మనిషితో ఎట్లా మాట్లాడాలో కవరు మీదనే అచ్చువేసి ఉంటుంది. టెక్సాస్‌లో డ్రైవింగ్ లైసెన్సు మీద కూడా సంభాషణకు ఆటంకం ఉన్నదని అచ్చు వేయించుకోవచ్చు.

అన్నీ మంచివే. కాని పసుపు చుక్క దారినపోయే ప్రతివాడికీ కనిపిస్తుంది. కవరూ, లైసెన్సూ పోలీసు చేతికి అందాలంటే డ్రైవరు జేబులోకో, అరలోకో చేయి పెట్టాలి. ప్రతి కారులోనూ తుపాకీ ఉండవచ్చునని పోలీసు అనుమానించే దేశంలో, భయపడిన కుర్రవాడు చెప్పకుండా చేయి కదపడమే ప్రమాదం. కాపాడవలసిన కాగితాన్ని తీయబోవడమే కొంప ముంచవచ్చు. రిజిస్ట్రేషన్‌తో చేరిన మాటకు ఆ చిక్కు లేదు. అది మనిషికంటే ముందే చేరుతుంది. దీనికి లోటు లేదని కాదు. అది బండిని అంటిపెట్టుకొని ఉండే మాట గనుక, మనవడు స్నేహితుడి కారు నడిపిన రోజున పనికిరాదు. కనుక లైసెన్సు మీద కూడా వ్రాయించుకోవడం మేలు.

2017 సెప్టెంబరులో ఓక్లహోమా సిటీలో ఒక ఘోరం జరిగింది. ఢీకొట్టి ఆగకుండా వెళ్ళిపోయిన బండిని వెతుక్కుంటూ పోలీసులు ఒక ఇంటికి వచ్చారు. బండి నడిపినది తండ్రి. వాకిట్లో ఉన్నది ముప్పై అయిదేళ్ళ కొడుకు. అతనికి చెవులు వినపడవు. చేతిలో ఒక లోహపు గొట్టం ఉంది. అది పారవేయమని పోలీసులు అరిచారు. అతనికి వినపడదని ఇరుగుపొరుగువారు పోలీసులకు వినపడేటట్లు అరిచారు. ఒక పోలీసు కరెంటు షాకిచ్చే టేజర్‌ను, మరొకరు తుపాకీని పేల్చారు. అతడు మరణించాడు. ఆ బండి వివరాలలో ముందే ఒక మాట ఉండి ఉంటే బ్రతికేవాడని నేను చెప్పలేను. కాని చూడండి, నిజం తెలిసినవారు అక్కడే ఉన్నారు. గొంతెత్తి చెప్పారు కూడా. భయం అప్పటికే వచ్చి కూర్చుంది. ఇక మాటకు చోటు లేకపోయింది.

దరఖాస్తు సంగతి మా అమ్మాయి ఎత్తినప్పుడు మా అల్లుడు ఒప్పుకోలేదు. ఆయనది మూర్ఖపు పట్టుదల కాదు. "మామయ్యగారూ, కంప్యూటరులో ఒకసారి ఎక్కిన మాట చెరిగిపోతుందన్న నమ్మకం నాకు లేదు. ఈరోజు పోలీసులు చూస్తారు, రేపు బీమా కంపెనీ చూస్తుంది, ఎల్లుండి ఉద్యోగమిచ్చేవాడు చూస్తాడు. వాణ్ణి మనమే పోలీసుల జాబితాలో ఎక్కించినట్లవుతుంది" అన్నారు. మా అమ్మాయి చాలాసేపు ఊరుకొని, "వాడు రాత్రి ఇంటికి రావాలండీ, నాకు అంతే" అన్నది. ఇద్దరిలో ఎవరిది తప్పని చెప్పను? దాచడంలోనూ ప్రేమ ఉంది. అది ఎంత నష్టం చేయగలదో నేను నా తరగతిలోనే చూచాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగైదేళ్ళు. ఎనిమిదవ తరగతిలో చివరి బెంచీమీద ఒక పిల్లవాడు కూర్చునేవాడు. హాజరు పిలిస్తే ఒకరోజు పలికేవాడు, మరొకరోజు పలికేవాడు కాదు. పద్యం అప్పజెప్పమంటే నా ముఖంలోకి చూస్తూ నిలబడేవాడు. తలపొగరనుకున్నాను. ఒకరోజు పేరు మూడుసార్లు పిలిచాను, తల ఎత్తలేదు. బెత్తం తీసుకొని వెళ్ళి అరచేతులు వాచేటట్లు కొట్టాను. వాడు ఏడవలేదు; ఎందుకు కొడుతున్నారన్నట్లు చూచాడు. ఆ చూపు కూడా నాకు పొగరుగానే తోచింది. సాయంత్రం వాడి ప్రక్కన కూర్చునే కుర్రవాడు నా సైకిలు దగ్గరకు వచ్చి, "వాడికి సరిగ్గా వినపడదండి మాస్టారూ. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుంది" అన్నాడు. మరునాడు ఆ తల్లిని పిలిపించి అడిగాను. తెలిస్తే బడి మానిపిస్తారని, వాడి అక్కకు వస్తున్న సంబంధం తప్పిపోతుందని భయపడి చెప్పలేదన్నది.

ఆమె దాచింది కనుక వాడు దెబ్బలు తిన్నాడని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. చెబితే మేలు జరుగుతుందన్న నమ్మకం ఆమెకు కలిగించినవారు ఊళ్ళో ఒక్కరూ లేరు. వారిలో నేనూ ఒకడిని. బెత్తం చేతిలో ఉన్నవాడికి ఎదుటివాడి మౌనమంతా ధిక్కారంగానే వినిపిస్తుంది. తుపాకీ చేతిలో ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది! అందుకే ఈ విషయంలో పోలీసులను దూరాన నిలబెట్టి నిందించే అర్హత నాకు లేదు.

ఇక మన దేశం మాట. 2020 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం బండి రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే ఇరవయ్యవ నమూనా దరఖాస్తును సవరించి, యజమాని దివ్యాంగులా అన్న వివరం చేర్చింది. దానివెంట ఉన్న ప్రశ్న జీఎస్టీ రాయితీ పొందారా, లేదా అన్నది. రాయితీ అవసరమే, కాదనను. కాని ఆ వివరం డబ్బు లెక్క కోసం అడిగినది. ఆపదవేళ ఆదుకోవడానికి అడిగినది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి 7. పరీక్షలో నెగ్గితే చెవిటివారికి లైసెన్సు నిరాకరించరాదని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పింది. 108 అంబులెన్సు హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలయింది. బండ్ల వివరాలన్నీ కంప్యూటర్లకెక్కాయి. ముడిసరుకంతా ఉంది. బండి దగ్గరకు వచ్చిన మనిషికి అవసరమైన ఒక్క మాటను అందించే దారి మాత్రం వేయలేదు.

మన రోడ్లమీద తుపాకీ భయం తక్కువే. చెంపదెబ్బ భయం ఉంది. పక్షవాతం వచ్చి తేరుకున్నవాడి మాట ముద్దగా ఉంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాడి చేయి వణుకుతుంది, నడక తడబడుతుంది. రాత్రి తనిఖీలో అటువంటివాడిని "ఎంత తాగావు?" అని నలుగురిలో అడగడం కూడా ఒక గాయమే. ప్రమాదం జరిగి చెవిటివాడు రోడ్డుమీద పడి ఉంటే, పిలిస్తే పలకడం లేదు కనుక స్పృహ లేదనుకొనే వీలుంది.

కనుక ఇటువంటి నమోదు ఇక్కడా ఉండాలని నా అభిప్రాయం. కొన్ని కట్టుబాట్లతో ఉండాలి. మొదటిది, ఇష్టమైనవారే తెలపాలి. వద్దనుకున్ననాడు తీసివేయించుకొనే వీలుండాలి. రెండవది, జబ్బు పేరు అక్కరలేదు. "ఈయనకు వినపడదు, సైగ చేయండి", "జవాబుకు కొంత సమయమివ్వండి" వంటి ఒక్క వాక్యం చాలు. మూడవది, అది పోలీసులకు, అంబులెన్సువారికి తప్ప మరెవరికీ కనిపించరాదు. బండి నంబరు కొడితే కొన్ని వివరాలు ఎవరికైనా చూపే ఎం-పరివాహన్ వంటి యాప్ ఉన్న దేశంలో ఈ కట్టుబాటు లేకపోతే, మా అల్లుడి భయమే నిజమవుతుంది. నాలుగవది అన్నిటికంటే కష్టమైనది: ఆ వాక్యం చదివిన మనిషి తన గొంతు తగ్గించడం నేర్చుకోవాలి. అది చట్టంతో రాదు. బెత్తం పారవేయడానికి నాకు ఒక పిల్లవాడి అరచేతులు కావలసివచ్చాయి.

నిర్ణయం చివరకు మనవడిదే అయింది. దరఖాస్తును రెండుసార్లు చదివి, "తాతయ్యా, పోలీసుకి నా గురించి తెలుస్తుంది. తెలిసిందని నాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. వాడు అడిగినది న్యాయం. సీతమ్మ కూడా ఎదుటివాడు నిజంగా రాముడి మనిషేనా అని అడిగి, నమ్మకం కుదిరిన తరువాతనే కదా మాట్లాడింది! పోలీసు కిటికీ దగ్గరకు వచ్చి, "నీ సంగతి చూశాను, తొందర లేదు" అని నెమ్మదిగా ఒక్క మాట అంటే వాడి వేళ్ళు కొంత కుదుటపడతాయి. ఆ మాట కూడా నియమంలో ఉండాలని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

దరఖాస్తు మీద వాడు సంతకం చేశాడు. వైద్యుడి ధ్రువీకరణ కోసం వాళ్ళ నాన్నే కారులో తీసుకువెళ్ళారు. దారి పొడుగునా తండ్రీకొడుకులు ఏమీ మాట్లాడుకోలేదని మా అమ్మాయి చెప్పింది. వెళ్ళేటప్పుడు కారు నడిపినది మాత్రం మనవడేనట.

మీ ఇళ్ళలో, మీకు తెలిసిన ఇళ్ళలో ఇటువంటి సందర్భం వచ్చి ఉంటే, చెప్పడానికే నిశ్చయించుకున్నారో, దాచడానికే నిశ్చయించుకున్నారో, ఎందుకో తెలుపగలరు. పేర్లు వ్రాయవద్దని మనవి.