ఇసుకను జూచి లోకమును నిర్ణయింపవచ్చునా?

ఊహ వేఱు, నిశ్చయము వేఱు. ఈ భేదమును మన యిండ్లలో నానాటికి మఱచుచున్నారు. చలనచిత్రముల విషయమున ప్రబలిన యొక వేడుక యిందులకు నిదర్శనము. చిత్రమింకను నిర్మాణమందుండగనే, ఎవరో తీసి బయటికి వదలిన ఛాయాచిత్రములను బట్టి, కథ యే లోకమున జరుగునో తేల్చివేయుటయే యా వేడుక. చాటుగా తీయుట ధర్మమా కాదా యనునది వేఱు ప్రశ్న. ప్రకృతము మా వివాదము ఆ తీర్పుతోనే.

2014వ సంవత్సరమున 'స్టార్ వార్స్' వరుసలోని యేడవ చిత్రమునకై అబూ ధాబీ యెడారిలో రంగములు నిర్మించిరి. వాని ఛాయాచిత్రములు పొక్కినవి. ఇసుక కనబడినంతనే పలువురు అది టాటూయిన్ గ్రహమే యనిరి. 1977 నాటి మొదటి చిత్రమున కథానాయకుడు పెరిగిన యెడారి గ్రహమది. దానిని ట్యునీసియా దేశమున చిత్రించిరి. కాని 2015 ఏప్రిలు నెలలో దర్శకుడు జె. జె. అబ్రామ్స్, క్రొత్త చిత్రములోని యెడారి 'జాక్కూ' అను వేఱొక గ్రహమని వెల్లడించెను.

ఈ యూహ యందలి దోష మెక్కడ? పొగ గల చోటెల్ల నిప్పుండును గనుక పొగను జూచి నిప్పు నూహించుట సరియైన యనుమానము. ఇసుక గల చోటెల్ల టాటూయిన్ ఉండునా? సాధ్యము లేనిచోట గూడ నుండు హేతువును మన తార్కికులు సవ్యభిచారమనిరి. జోర్డాను దేశమందలి వాదీ రమ్ యెడారి 2015లో 'ది మార్షియన్' చిత్రమున అంగారకగ్రహమైనది. 2016లో 'రోగ్ వన్' చిత్రమున జెడా యను ఉపగ్రహమైనది. 2021లో 'డ్యూన్' చిత్రమున అరాకిస్ గ్రహమైనది. ఇసుక యొక్కటియే, లోకములు మూడు. లోకమునకు పేరు పెట్టునది కథ గాని యిసుక గాదు.

ఇది బుద్ధికి వ్యాయామము గదా యని కొందఱందురు. 'కావచ్చును' అని చెప్పి, తమ యూహకు విరుద్ధమగు గుఱుతులను గూడ వెదకినచో వ్యాయామమే, మేము కాదనము. కాని జరుగుచున్నదేమి? మొదటి నోట 'కావచ్చును' అన్నది రెండవ నోట 'అట' యగుచున్నది. మూడవ నోట 'అదే' యగుచున్నది. తప్పని తేలిననాడు ఆ మూడు నోళ్లలో నొక్కటియు పలుకదు.

వినోదమున నలవడిన యీ త్వర వినోదముతో నాగదు. పొరుగింటి బాలిక యెవరితోనో మాటలాడుచున్న ఛాయాచిత్రమొకటి చేత బడినచో, ఈ తర్కమే యామె శీలమును నిర్ణయించును. అచ్చట తప్పినది యొక గ్రహము పేరు. ఇచ్చట చెడునది యొక పిల్ల బ్రదుకు. మనము ఖండింపవలసినది యిందులకే.

కావున తలిదండ్రులకు మా మనవి. పిల్లలిట్టి ఛాయాచిత్రమును జూపి 'ఇది ఫలానా లోకము' అన్నప్పుడు కసరకుడు; 'మఱియొకటి యేల కారాదు?' అని యడుగుడు. పిదప పెద్దలు పొరుగువారిని గూర్చి మాటలాడునప్పుడు, ఆ ప్రశ్ననే పిల్లలు మనల నడిగినచో, కోపింపక బదులు చెప్పుడు.